టేప్‌ రికార్డర్‌తో 75 వేల మైళ్లు

బేస్‌బాల్‌ పుస్తకాల్లో ముందు ఏది చదవాలని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే: లారెన్స్‌ రిటర్‌ పుస్తకం ‘ద గ్లోరీ ఆఫ్‌ దేర్‌ టైమ్స్‌’. 1966లో అచ్చయిన ఆ పుస్తకానికి ఈ ఏడాది 60 ఏళ్లు. 1876లో పుట్టిన బేస్‌బాల్‌ నేషనల్‌ లీగ్‌కు 150 ఏళ్లు నిండిందీ ఈ ఏడాదే. రెండిట్లో నాకు దగ్గరిది మాత్రం పుస్తకమే.

క్రికెట్‌ తప్ప మరో ఆట పట్టని మనకు ఈ పుస్తకాలతో ఏం పని అనిపించవచ్చు. పని ఉంది. ఆడినవాళ్ల మాటను, చూసినవాళ్ల జ్ఞాపకాన్ని ఇంత శ్రద్ధగా పుస్తకాల్లో దాచుకున్న ఆటలు ప్రపంచంలో తక్కువ. పైగా అమెరికాలో మనవడు లిటిల్‌ లీగ్‌లో బ్యాట్‌ పట్టుకుంటే, పిల్లల్ని చూసి రావడానికి వెళ్లిన తాతయ్యలు, అమ్మమ్మలు మైదానం పక్కన కూర్చుని ఏం జరుగుతోందో తెలియక చూస్తుంటారు. వాళ్లకు నిబంధనల పుస్తకం కంటే కథల పుస్తకం ఎక్కువ పనికొస్తుంది.

ఈ ఆట పుట్టుక గురించి నమ్మదగిన రాతలు చాలా తక్కువ. 1744లో లండన్‌లో జాన్‌ న్యూబరీ వేసిన పిల్లల పుస్తకంలో బేస్‌బాల్‌ పేరు, ఒక చిన్న బొమ్మ కనిపిస్తాయి. జేన్‌ ఆస్టిన్‌ నవల ‘నార్తాంగర్‌ ఆబీ’ కథానాయిక చిన్నప్పుడు ఆడిన ఆటల్లో ఇదొకటి. ఇంగ్లండ్‌ పల్లెల్లో, అమెరికా ఊళ్లలో ఎవరు ఎలా ఆడారో చెప్పే కాగితాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఖాళీలోకి ఒక కట్టుకథ వచ్చి కూర్చుంది. 1839లో కూపర్స్‌టౌన్‌లో ఆబ్నర్‌ డబుల్‌డే ఈ ఆటను కనిపెట్టాడని 1907లో ఒక కమిటీ తేల్చేసింది. ఆధారం ఓ పెద్దమనిషి రాసిన ఉత్తరం. నిజానికి 1839లో డబుల్‌డే వెస్ట్‌ పాయింట్‌ సైనిక అకాడమీలో శిక్షణ పొందుతున్నాడు. అయినా ఆ కథ మీదే 1939లో కూపర్స్‌టౌన్‌లో గొప్ప ఆటగాళ్ల గౌరవ మందిరం హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌ వెలిసింది. ఈ చిక్కుముడి విప్పిన పుస్తకాలు రెండున్నాయి. డేవిడ్‌ బ్లాక్‌ 2005లో రాసిన ‘బేస్‌బాల్‌ బిఫోర్‌ వియ్‌ న్యూ ఇట్‌’ ఇంగ్లండ్‌ మూలాలను తవ్వి చూపిస్తుంది. జాన్‌ థోర్న్‌ 2011లో రాసిన ‘బేస్‌బాల్‌ ఇన్‌ ద గార్డెన్‌ ఆఫ్‌ ఈడెన్‌’ ఆ కట్టుకథను ఎవరు, ఎందుకు పెంచి పోషించారో చెబుతుంది.

క్రికెట్‌ అభిమానులు సంతోషించే సంగతి ఒకటి ఈ తొలినాళ్లలోనే ఉంది. బేస్‌బాల్‌ను నిలబెట్టిన వాళ్లలో క్రికెట్‌ మనుషులున్నారు. బేస్‌బాల్‌ స్కోరు పట్టికకు రూపం ఇచ్చిన హెన్రీ చాడ్విక్‌ ఇంగ్లండ్‌లో పుట్టి, న్యూయార్క్‌ పత్రికలకు క్రికెట్‌ వార్తలు రాసిన విలేకరి. 1869లో సిన్సినాటి రెడ్‌ స్టాకింగ్స్‌ను బాహాటంగా జీతాలిచ్చే తొలి జట్టుగా నడిపిన హ్యారీ రైట్‌ తండ్రి, న్యూయార్క్‌లోని సెయింట్‌ జార్జ్‌ క్రికెట్‌ క్లబ్బులో వృత్తి ఆటగాడు. 1844లో అమెరికా, కెనడా తలపడిన మొట్టమొదటి అంతర్జాతీయ క్రికెట్‌ మ్యాచ్‌కు వేదిక ఆ క్లబ్బు మైదానమే. ఈ కాలమంతటినీ వరసగా చదవాలనుకుంటే హెరాల్డ్‌ సీమోర్‌ పేరుతో 1960 నుంచి వచ్చిన మూడు సంపుటాలు ఉన్నాయి. ఆ పరిశోధనలో, రచనలో సగం బరువు మోసిన ఆయన భార్య డొరతీ పేరు దశాబ్దాల పాటు అట్ట మీదకు రాలేదు. ప్రచురణకర్తలు చివరికి ఆమెను సహ రచయిత్రిగా ఒప్పుకున్నారు. ఆ పేరు గుర్తుపెట్టుకుని చదవాల్సిన పుస్తకాలు అవి.

ఇక రిటర్‌ దగ్గరికొస్తాను.

లారెన్స్‌ రిటర్‌ న్యూయార్క్‌ యూనివర్సిటీలో ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్‌. డబ్బు, బ్యాంకింగ్‌ మీద పాఠ్యపుస్తకాలు రాసిన మనిషి. 1961 జులైలో మహా ఆటగాడు టై కాబ్‌ చనిపోయాడు. ఆ ఏడాదే రిటర్‌ తండ్రి కూడా పోయారు. తండ్రి కాలపు వీరులు ఒక్కొక్కరే రాలిపోతున్నారని, వాళ్లతోపాటే ఆ కాలమూ పోతోందని ఆయనకు తోచింది. బరువైన టేప్‌ రికార్డర్‌ కారులో వేసుకుని బయల్దేరారు. 1890ల చివరి నుంచి 1920ల దాకా ఆడి, ఆ తరవాత జనం మరిచిపోయిన ఆటగాళ్ల గుమ్మాలు తట్టడం మొదలుపెట్టారు. అమెరికా, కెనడాల్లో అలా తిరిగిన దూరం 75 వేల మైళ్లు. అప్పటికి ఇంటర్నెట్‌ లేదు, చాలామందికి చిరునామా కూడా లేదు. పాత డైరెక్టరీలు, పోస్టాఫీసులు, ఊళ్లోవాళ్ల మాటలే ఆధారం.

శామ్‌ క్రాఫర్డ్‌ను వెతికిన తీరు నాకు మరీ ఇష్టం. నెబ్రాస్కాలోని వాహూ అనే చిన్న ఊళ్లో పుట్టి ‘వాహూ శామ్‌’గా పేరు పొందిన ఈ మనిషి కొట్టిన 309 ట్రిపుల్స్‌ రికార్డును ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. ట్రిపుల్‌ అంటే ఒకే దెబ్బకు మూడో బేస్‌ దాకా పరుగెత్తడం. రిటర్‌ లాస్‌ ఏంజెలెస్‌లోని క్రాఫర్డ్‌ ఇంటికి వెళితే భార్య మాత్రమే కనిపించారు. ఆయనకు మనుషుల గొడవ గిట్టదని, ఎక్కడున్నారో చెప్పకూడదని అన్నారు. కానీ పాపం దూరం నుంచి వచ్చారని జాలిపడి, ఉత్తరంగా ఓ రెండు వందల మైళ్లు వెళితే దగ్గరికి వచ్చినట్టేనని సూచన ఇచ్చారు. అంత మాత్రం పట్టుకుని రిటర్‌ సముద్రం ఒడ్డున ఉన్న బేవుడ్‌ పార్క్‌ అనే చిన్న ఊరు చేరారు. పోస్టాఫీసులో అడిగారు, కిరాణా కొట్లలో అడిగారు. ఆ పేరు విన్నవాళ్లే లేరు. ఆశ వదులుకుని మాసిన బట్టలు తీసుకుని లాండ్రోమాట్‌కు వెళ్లారు. మెషిన్‌లో తిరుగుతున్న బట్టలకేసి చూస్తూ, పక్కన కూర్చున్న వృద్ధుణ్ని ఊరికే అడిగారు, శామ్‌ క్రాఫర్డ్‌ అనే పాత ఆటగాడు తెలుసా అని. తెలియకేం, నేనే ఆయన్ని అన్నారు ఆ పెద్దాయన.

పుస్తకంలో క్రాఫర్డ్‌ మాటలు చదువుతుంటే మనిషి మన ఎదుట కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మంగలి పని నేర్చుకుంటున్న కుర్రాడిగా, ఊరి పిల్లలతో కలిసి గుర్రబ్బండి కట్టుకుని పక్క ఊళ్లకు మ్యాచ్‌లు ఆడుతూ తిరిగిన రోజులు చెబుతారు. డెట్రాయిట్‌ జట్టులో తనతో ఏళ్ల తరబడి ఆడి, మాటామంతీ లేని టై కాబ్‌ గురించీ చెబుతారు. అదే కాబ్‌, క్రాఫర్డ్‌ను హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌లో చేర్చాలని పట్టుబట్టి ఎంతోమందికి ఉత్తరాలు రాశాడని కాబ్‌ పోయాకే బయటపడింది.

రిటర్‌ చేసిన మేలైన పని ఏమిటంటే, తన ప్రశ్నలన్నీ తీసేశారు. మొదటి ముద్రణలో 22 మంది ఆటగాళ్లు, 22 గొంతులు. రచయిత తెర వెనక్కి తప్పుకున్నారు. రాయల్టీ డబ్బును కూడా ఆ ఆటగాళ్లతో పంచుకున్నారు. ఈ పుస్తకం వచ్చాక గూస్‌ గోస్లిన్‌ 1968లో, స్టాన్‌ కొవెలెస్కీ 1969లో, హ్యారీ హూపర్‌, రూబ్‌ మార్క్వర్డ్‌ 1971లో హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌కు ఎంపికయ్యారు.

ఒకే మ్యాచ్‌ను వేర్వేరు మనుషులు వేర్వేరు మూలల నుంచి చెప్పడం ఈ పుస్తకంలో అపురూపం. 1912 అక్టోబరు 16, బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌. మేజర్‌ లీగ్‌ విజేతను తేల్చే వరల్డ్‌ సిరీస్‌ ఆఖరి మ్యాచ్‌ పదో ఇన్నింగ్స్‌లో న్యూయార్క్‌ జెయింట్స్‌ 2-1 ఆధిక్యంలో ఉంది. బోస్టన్‌ బ్యాటర్‌ లేపిన తేలికైన బంతి సెంటర్‌ ఫీల్డ్‌లో ఫ్రెడ్‌ స్నాడ్‌గ్రాస్‌ చేతుల్లో పడి జారిపోయింది. ఆ వెంటనే హ్యారీ హూపర్‌ కొట్టిన బంతిని అదే స్నాడ్‌గ్రాస్‌ పరుగెత్తి అద్భుతంగా పట్టాడు. కానీ బోస్టన్‌ రెండు పరుగులు తీసి 3-2తో గెలిచింది. పట్టిన క్యాచ్‌ను లోకం మరిచిపోయింది, వదిలిన క్యాచ్‌ మాత్రం ఆయన ఇంటిపేరైపోయింది. తరవాత ఆయన కాలిఫోర్నియాలో బ్యాంకరయ్యారు, ఆక్స్‌నార్డ్‌ పట్టణానికి మేయరయ్యారు. 1974లో 86 ఏళ్ల వయసులో చనిపోతే న్యూయార్క్‌ టైమ్స్‌ సంతాప వార్త శీర్షికలో కూడా ఆ జారిన బంతే ఉంది. స్నాడ్‌గ్రాస్‌, ఆ రోజు వికెట్‌కీపర్‌ లాంటి క్యాచర్‌ స్థానంలో ఉన్న చీఫ్‌ మేయర్స్‌, బంతి కొట్టిన హూపర్‌, ఆ మ్యాచ్‌ గెలిచిన బోస్టన్‌ పిచర్‌ జో వుడ్‌... నలుగురూ ఈ పుస్తకంలో ఉన్నారు. ఓడినవాడి మాట, గెలిచినవాడి మాట పక్కపక్కనే చదువుతాం. నలుగురి అధ్యాయాలనూ వరసగా ఒకే రోజు చదవమని నా సలహా.

జ్ఞాపకం రికార్డు కాదన్నదీ నిజమే. జర్మనీ షాఫర్‌ అనే ఆటగాడు రెండో బేస్‌ దొంగిలించాక (బ్యాటర్‌ కొట్టే దెబ్బ కోసం ఆగకుండా పరుగెత్తి చేరాక), ప్రత్యర్థి క్యాచర్‌ను రెచ్చగొట్టడానికి వెనక్కి పరుగెత్తి మొదటి బేస్‌ను మళ్లీ ‘దొంగిలించిన’ కథను డేవీ జోన్స్‌ కళ్లకు కట్టినట్టు చెబుతారు. క్లీవ్‌లాండ్‌తో ఆడుతుంటే జరిగిందంటారు. పరిశోధకులు ఎంత వెతికినా ఆ మ్యాచ్‌ దొరకలేదు. షాఫర్‌ అలాంటి పని చేసినట్టు రుజువైంది 1911లో, వేరే జట్టు తరఫున. రూబ్‌ మార్క్వర్డ్‌ తన వయసు తగ్గించి చెప్పుకున్నారని కూడా తేలింది. దీనివల్ల పుస్తకం విలువ తగ్గిందని నేను అనుకోను. మనుషులు తమ యవ్వనాన్ని ఎలా గుర్తుపెట్టుకుంటారో తెలియాలంటే ఇలాంటి పుస్తకమే కావాలి. తేదీలు సరిచూసుకోవడానికి వేరే పుస్తకాలున్నాయి.

దీనిలో పెద్ద లోటు మరొకటి. ఆ 22 మందిలో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. వాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వని కాలం అది. ఆ లోటు తీర్చిన పుస్తకాలను దీని పక్కనే పెట్టుకోవాలి. రాబర్ట్‌ పీటర్సన్‌ 1970లో రాసిన ‘ఓన్లీ ద బాల్‌ వాజ్‌ వైట్‌’ నీగ్రో లీగుల చరిత్రను తొలిసారి సమగ్రంగా చెప్పింది. జాన్‌ హాల్వే 1975లో ఆ ఆటగాళ్ల గొంతులనే పుస్తకం చేశారు. ఆ లీగుల వీరులు శాచెల్‌ పేజ్‌ 1971లో, జాష్‌ గిబ్సన్‌ 1972లో హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌లోకి వచ్చారు. గిబ్సన్‌ అది చూడలేదు. 1947 జనవరిలో, 35 ఏళ్లకే పోయాడు. మూడు నెలల తరవాత, ఏప్రిల్‌ 15న, బ్రూక్లిన్‌లోని ఎబెట్స్‌ ఫీల్డ్‌లో జాకీ రాబిన్సన్‌ పెద్ద లీగులో అడుగుపెట్టి ఆ గోడ బద్దలుకొట్టాడు. ఆ కథకు జూల్స్‌ టైజెల్‌ 1983లో రాసిన ‘బేస్‌బాల్స్‌ గ్రేట్‌ ఎక్స్‌పెరిమెంట్‌’ చదవండి. రాబిన్సన్‌ జట్టు సహచరులు నడివయసులో ఎలా ఉన్నారో తెలియాలంటే రోజర్‌ కాన్‌ పుస్తకం ‘ద బాయ్స్‌ ఆఫ్‌ సమ్మర్‌’ ఉంది. అది వచ్చిన 1972లోనే రాబిన్సన్‌ చనిపోయారు.

విడివిడి జీవితకథలైతే బేబ్‌ రూత్‌ మీద రాబర్ట్‌ క్రీమర్‌, లూ గెరిగ్‌ మీద జొనాథన్‌ ఐగ్‌, శాండీ కోఫాక్స్‌ మీద జేన్‌ లీవీ రాసినవి నాకు నచ్చాయి. టై కాబ్‌ గురించి మాత్రం అల్‌ స్టంప్‌ రాతలను నమ్మకండి. వాటిలో చాలా భాగం కల్పన అని 2015లో చార్ల్స్‌ లీర్సెన్‌ తన పుస్తకంలో చూపించారు.

ఈ కాలానికి వచ్చేసరికి ఒకే కథ దొరకదు. జిమ్‌ బౌటన్‌ 1970లో ‘బాల్‌ ఫోర్‌’ రాసి డ్రెసింగ్‌ రూమ్‌ గుట్టు విప్పితే లీగ్‌ కమిషనర్‌ మండిపడ్డాడు. 2003లో మైఖేల్‌ లూయిస్‌ ‘మనీబాల్‌’ వచ్చాక అంకెలే ఆటను నడిపించాయి. ఆ పుస్తకంలో తక్కువ డబ్బుతో నెగ్గుకొచ్చిన ఓక్లాండ్‌ జట్టు 2024 తరవాత ఓక్లాండ్‌ వదిలి వెళ్లిపోయింది. బ్యారీ బాండ్స్‌ ఉత్ప్రేరకాల ఆరోపణలపై ‘గేమ్‌ ఆఫ్‌ షాడోస్‌’ 2006లో వచ్చింది. అత్యధిక హోమ్‌ రన్ల వీరుడైన ఆయనకు హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌లో చోటు దక్కలేదు. 2024 మేలో నీగ్రో లీగుల గణాంకాలను మేజర్‌ లీగ్‌ అధికారిక రికార్డుల్లో కలిపారు. జాష్‌ గిబ్సన్‌ .372 బ్యాటింగ్‌ సగటుతో, టై కాబ్‌ .367ను దాటి మొదటి స్థానానికి వచ్చాడు. సరిగ్గా ఆ మరుసటి నెలలో, డాలస్‌ పక్కన గ్రాండ్‌ ప్రెయిరీలో, బేస్‌బాల్‌ కోసం కట్టి క్రికెట్‌కు మార్చిన మైదానంలో అమెరికా జట్టు సూపర్‌ ఓవర్‌లో పాకిస్థాన్‌ను ఓడించింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి.

రిటర్‌ 2004లో చనిపోయారు. ఆయన టేపుల్లోని అసలు గొంతులు ఆడియో పుస్తకంగా దొరుకుతున్నాయి. ఇంగ్లిష్‌ చదవడం కష్టమనిపించేవాళ్లు అవైనా వినండి.

మన దగ్గరా ఇలాంటి పని మిగిలే ఉంది. 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఏషియాడ్‌లో స్వర్ణం తెచ్చిన భారత ఫుట్‌బాల్‌ జట్లకు కోచ్‌ హైదరాబాద్‌ రహీం సాబ్‌. ఆయన కుమారుడు ఎస్‌.ఎస్‌.హకీం 2021లో, ఆ జట్లలో ఆడిన సికింద్రాబాద్‌ బిడ్డ తులసీదాస్‌ బలరాం 2023లో కన్నుమూశారు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఒకప్పుడు ఫుట్‌బాలో, హాకీయో, కబడ్డీయో ఆడిన పెద్దాయన ఉంటే ఈ ఆదివారమే వెళ్లి కూర్చోండి. జేబులో ఉన్న ఫోనే టేప్‌ రికార్డర్‌. అడగండి, ఆయన్ని మాట్లాడనివ్వండి, రికార్డు చేయండి.