పల్నాట డాక్టరేటు, కొలువు

పిహెచ్‌డి చేసినవారికి విశ్వవిద్యాలయంలోనో డిగ్రీ కళాశాలలోనో స్థిరమైన కొలువు దక్కి తీరుతుందన్న నమ్మకం పల్నాటి కుటుంబాల్లో పాతుకుపోయిన తీరు, ఈ ప్రాంతానికి ఉన్నత విద్య అందివచ్చిన కాలంతో ముడిపడి ఉంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోనే పల్నాడు భాగమైన నాటి గుంటూరు జిల్లా ఉన్నప్పటికీ, వాల్తేరు దాకా వెళ్లి పై చదువులు చదవడం మెట్ట సేద్యం మీద బతికే మాచర్ల, గురజాల ప్రాంతాలవారిలో బహు కొద్దిమందికే సాధ్యమయ్యేది. 1950లో నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల వెలసింది. ఆ ప్రాంతపు బిడ్డ కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న 1967లో ఆ మెట్ట నేలలకు సాగునీరిచ్చే నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదలడం, ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో స్నాతకోత్తర కేంద్రాన్ని, అంటే ఎం.ఏ., ఎం.ఎస్సీ. తరగతుల శాఖను తెరవడం ఒకే ఏడాది జరిగాయి. 1976లో ఆ కేంద్రం స్థానంలో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడింది.

ఆ తరం కళ్లారా చూసిన వరుస నేటి వరుసకు పూర్తిగా తలకిందులు. అప్పట్లో ఎం.ఏ. పట్టాతోనే లెక్చరర్ ఉద్యోగం వచ్చేది. డాక్టరేటు ఆ తరువాతి సంగతి, పైగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యాపకుల కోసం నడిపిన పథకం కింద జీతంతో కూడిన సెలవు పెట్టి దాన్ని పూర్తిచేసిన వారూ ఉన్నారు. వీధి గుమ్మం పక్కన పేరు పలక మీద ‘డా.’ అన్న అక్షరం చేరేనాటికే ఆ ఇంటి మాస్టారు పర్మనెంటు ఉద్యోగి కావడంతో, పట్టా వల్ల కొలువు వచ్చిందా, కొలువు వల్ల పట్టా వచ్చిందా అని విడదీసి చూడవలసిన అవసరం ఇరుగుపొరుగుకు కలగలేదు. అందుచేత తల్లిదండ్రుల ఆశను అమాయకత్వమని కొట్టిపారేయడం అన్యాయం.

ఆ వరుస క్రమంగా తిరగబడింది. 1989లో నెట్, అంటే అధ్యాపక వృత్తికి జాతీయ అర్హత పరీక్ష, మొదలైంది. 2021 జులై నుంచి విశ్వవిద్యాలయ శాఖల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పిహెచ్‌డి తప్పనిసరి అని 2018లో ప్రకటించిన యూజీసీ, ముందు గడువు పొడిగించి, 2023లో ఆ నియమాన్నే ఎత్తివేసింది; ఆ మాట నమ్మి పరిశోధనలో చేరినవారి ఏళ్లను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం మించరాదన్న నిబంధన కాగితం మీద ఉండగానే గెస్టు ఫ్యాకల్టీ, అంటే చెప్పిన పీరియడ్ల లెక్కన గౌరవ వేతనం పొందే తాత్కాలిక బోధకులు, తరగతి గదుల భారం మోస్తున్నారు. బీటెక్ ముగించి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్న తమ్ముడు ఇంటికి డబ్బు పంపుతున్న కాలంలోనే, ఐదేళ్ల ఫెలోషిప్ అయిపోయి ముప్పై దాటిన అన్న సంబంధాలు చూసేవారు అడిగే “పర్మనెంటేనా?” అన్న ప్రశ్నకు తల వంచుకోవలసి వస్తోంది. ఆడపిల్ల విషయంలో ఒత్తిడి ఇంకా ముందే మొదలవుతుంది. థీసిస్ సమర్పించేదాకా పెళ్లి ఆపడానికే ఇంట్లో పెద్ద పోరాటం చేయాలి.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3 వేలకు పైగా బోధక పోస్టులకు 2023 చివర్లో నోటిఫికేషన్లు వెలువడినప్పుడు ఈ ఇళ్లలో మళ్లీ ఆశ చిగురించింది. కానీ ఆ నియామకాలు కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి.