ఊరి ఎన్నికకు చందా పంపే ముందు…

2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. దానికి కొద్ది రోజుల ముందు ఊరి నుంచి నాకో ఫోను. చిన్నప్పటి స్నేహితుడు సర్పంచ్‌గా నిలబడుతున్నాడట. "సింగపూరులో ఉన్నావు, ఎంతో కొంత సర్దరా" అన్నాడు. "సరే, లెక్క ఎవరికి చూపిస్తావు?" అని అడిగితే ఫోనులోనే నవ్వేశాడు. ఇలాంటి ఫోన్లు మీలో కొందరికైనా వచ్చే ఉంటాయి. చట్టం ఏం చెబుతుందో చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

సింగపూరులో పద్ధతి

ఇక్కడ ఇప్పుడు స్థానిక సంస్థల ఎన్నికలు లేవు. 1957లో సిటీ కౌన్సిల్‌కు ఎన్నికలు జరిగాయి కానీ 1959లో ఆ కౌన్సిల్‌ను రద్దు చేశారు. 1988 చట్టంతో వచ్చిన టౌన్ కౌన్సిళ్లను పార్లమెంటు సభ్యులే నడుపుతారు. కాబట్టి పోల్చడానికి పార్లమెంటు ఎన్నికలనే తీసుకోవాలి.

ఖర్చు పరిమితి ఓటరుకు ఇంత అని ఉంటుంది. 2015, 2020 ఎన్నికల్లో ఓటరుకు 4 డాలర్లు, 2025లో 5 డాలర్లు. ఎన్నిక కోసం పెట్టిన ఖర్చు ముందు పెట్టినా, తర్వాత పెట్టినా లెక్కలోకి వస్తుంది. ఫలితం గెజెట్‌లో వచ్చిన 31 రోజుల్లోగా లెక్కలు ఎన్నికల శాఖకు ఇవ్వాలి. వాటిని ప్రజలు చూడవచ్చు.

విరాళాలకు 2001 నుంచి వేరే చట్టం ఉండేది. 2023 డిసెంబరు 29 నుంచి ఆ నియమాలు విదేశీ జోక్యాన్ని అడ్డుకునే చట్టంలో భాగమయ్యాయి. 21 ఏళ్లు నిండిన సింగపూరు పౌరులు, సింగపూరు వారి అధీనంలో ఉండి ఇక్కడే వ్యాపారం చేసే కంపెనీలు మాత్రమే విరాళం ఇవ్వవచ్చు. 10,000 డాలర్లు, ఆపైన ఇచ్చినవారి పేరు చెప్పాలి. పేరు లేని విరాళాలన్నీ కలిపి ఏడాదికి 5,000 డాలర్లు మించకూడదు. పీఆర్ ఉన్నవారు, వర్క్ పాస్ మీద ఉన్నవారు ఇక్కడి పార్టీలకు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు.

మన ఊళ్లో పద్ధతి

పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. తెలంగాణలో 5,000 దాటిన జనాభా ఉన్న గ్రామంలో సర్పంచ్ అభ్యర్థి రూ.2.5 లక్షలు, వార్డు సభ్యుడు రూ.50,000 వరకు ఖర్చు పెట్టవచ్చు. అంతకన్నా చిన్న గ్రామాల్లో రూ.1.5 లక్షలు, రూ.30,000. 2021 ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికల్లోనూ ఇవే మొత్తాలు. అయితే అక్కడ హద్దు 10,000 జనాభా.

మూడు వేల ఓట్లున్న చిన్న ఊరికి లెక్క వేస్తే ఓటుకు యాభై రూపాయలు. కరపత్రాలకు, మైకుకు, ఆటోకు ఇది చాలు.

తెలంగాణలో ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా లెక్కలు ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు. గెలిచినవారైతే పదవి కూడా పోతుంది.

లెక్కకు అందనిది

మొదటిది, నామినేషన్ నుంచి ఫలితం వరకు అయిన ఖర్చే లెక్కలోకి వస్తుంది. అంతకు ముందు నెలల తరబడి పెట్టిన విందులు రావు. రెండోది, ఈ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి పార్టీ ఖాతాలో కూడా కనబడవు. మూడోది, ఓటుకు పంచే డబ్బు, మద్యం. అవి నేరం కాబట్టి వాటిని ఎవరూ పుస్తకంలో రాయరు. నాలుగోది, కొన్ని ఊళ్లలో జరిగే వేలంపాట. గుడి పేరు చెప్పి పదవిని పాడుకుని, ఏకగ్రీవం అంటారు. అక్కడ పోటీయే లేదు, ఇక ఖర్చు ఎక్కడిది?

మనకు సంబంధించిన సంగతి

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం ఎన్నికల అభ్యర్థులు విదేశీయుల నుంచి డబ్బు తీసుకోకూడదు. ఇది ఎమ్మెల్యే, ఎంపీలకే అనుకుంటాం. కానీ ఆ చట్టంలో 'శాసనసభ' అనే మాట నిర్వచనంలోనే పంచాయతీ, మునిసిపాలిటీ కూడా ఉన్నాయి. కాబట్టి సింగపూరు పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఊళ్లో స్నేహితుడికి చందా పంపితే అది విదేశీ విరాళమే. తీసుకున్న అభ్యర్థి చిక్కుల్లో పడతాడు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వంటి దగ్గరి బంధువులకు మినహాయింపు ఉంది. బాబాయి కొడుకు ఆ జాబితాలో లేడు.

భారత పాస్‌పోర్టు ఉన్నవారు పీఆర్ అయినా ఈ చట్టం దృష్టిలో విదేశీయులు కారు. పంపదలిస్తే బ్యాంకు ద్వారానే పంపండి, లెక్కలో రాయమనండి. ఎన్నికయ్యాక ఆ లెక్క ప్రతిని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగవచ్చు. ఆ హక్కు పౌరులందరిదీ, మనదీ.

నేనింకా భారత పౌరుణ్ణే. మా స్నేహితుడికి అదే చెప్పాను, "బ్యాంకులో వేస్తాను, నీ ఖర్చుల పుస్తకంలో నా పేరు రాయి" అని. సరే, కనుక్కుని చెబుతానన్నాడు. మళ్లీ ఫోను రాలేదు.