బొంత మీది జెండా: హవాయి ఆడవాళ్లు కుట్టిన చరిత్ర

చరిత్ర అనగానే మనకు పుస్తకాలు, శాసనాలు, సర్కారు కాగితాలు గుర్తొస్తాయి. వాటిలో మన జాతుల మాట తక్కువ. ఉన్నచోట కూడా తిరగబడ్డవాళ్లుగానో, అడవిని పాడుచేసేవాళ్లుగానో రాసి ఉంటారు. అంతమాత్రాన మనకు చరిత్ర లేదని కాదు. మన పెద్దలు దాన్ని వేరే చోట భద్రం చేశారు. కోయల ఇళ్లవేల్పుల కొలుపుల్లో డోలీలు పడిగె గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ గట్టు కథ, గోత్రం కథ చెబుతారు. ఆ గుడ్డ వాళ్లకు పుస్తకంతో సమానం. ఇలా గుడ్డను నమ్ముకుని తమ చరిత్రను నిలుపుకున్న మరో జాతి పసిఫిక్ సముద్రం నడుమ ఉంది. వాళ్లు హవాయి మూలవాసులు.

హవాయి ఆడవాళ్లకు మొదట్లో నూలుబట్ట తెలియదు. వౌకే అనే చెట్టు లోపలి బెరడును నానబెట్టి, కొయ్య సుత్తులతో సాగగొట్టి ‘కపా’ అనే గుడ్డ తయారుచేసేవాళ్లు. కప్పుకునే కపాను నాలుగైదు పొరలు పేర్చి ఒక అంచున కుట్టేవారు. పై పొర మీద రంగులతో అచ్చులు వేసేవారు. 1820లో అమెరికా నుంచి క్రైస్తవ మిషనరీలు తడియస్ అనే ఓడలో వచ్చారు. ఆ ఓడ మీదే మిషనరీల భార్యలు హవాయి దొరల ఇంటి ఆడవాళ్లకు సూది, దారం పట్టడం నేర్పారు.

మిషనరీలు నేర్పింది ముక్కల బొంత. చిన్న చిన్న పీలికలను కలిపి కుట్టడం. హవాయి ఆడవాళ్ల దగ్గర పాత పీలికలు లేవు. కొత్త గుడ్డను ముక్కలుచేసి మళ్లీ అతకడం వాళ్లకు దండగ పనిగా తోచిందని చెబుతారు. అందుకని తమ పద్ధతి తామే కనిపెట్టుకున్నారు. పెద్ద గుడ్డను ఎనిమిది మడతలు పెట్టి ఒకేసారి కత్తిరిస్తారు. విప్పితే నాలుగు వైపులా సమంగా పరుచుకున్న ఆకో, పువ్వో వస్తుంది. దాన్ని వేరే రంగు గుడ్డ మీద పరిచి, అంచులు లోపలికి మడుస్తూ కుడతారు. ఆ బొమ్మ చుట్టూ అలల మాదిరిగా వరుసలు వరుసలుగా కుట్లు వేస్తారు. సూది బయటివాళ్లది, సీమ పనస ఆకు మాత్రం వాళ్ల పెరటిది. ఒకరి నమూనాను అడగకుండా ఇంకొకరు తీసుకోవడం తప్పుగా భావించేవారు.

ఇదే కాలంలో వాళ్ల దేశం మీద పెద్ద దేశాల కన్ను పడింది. హవాయి అప్పటికి ఒక రాజ్యం. 1843 ఫిబ్రవరిలో ఒక బ్రిటిష్ నౌకాధికారి దాన్ని స్వాధీనం చేసుకుని జెండా దింపించాడు. ఐదు నెలల తర్వాత, జులై 31న, పై అధికారి వచ్చి తిరిగి ఎగరేయించాడు. ఆ తర్వాత చెరకు తోటల యజమానుల బలం పెరిగింది. 1887లో తుపాకుల బెదిరింపుతో రాజు చేత కొత్త రాజ్యాంగం మీద సంతకం పెట్టించారు. రాణి లిలియుఓకలాని దాన్ని మార్చాలని చూసింది. 1893 జనవరిలో అమెరికా నావికా సైనికులు ఒడ్డుకు దిగి ఉండగా, తోటల యజమానుల వర్గం ఆమెను గద్దె దింపింది.

అప్పటి రోజుల నుంచి జెండా బొంతలకు ప్రాణం హెచ్చింది. ‘నా ప్రియమైన జెండా’ అని అర్థం వచ్చే పేరు వాటికి పెట్టారు. నాలుగు వైపులా నాలుగు జెండాలు, నడుమ రాజముద్ర. కొందరు ఆ బొంతను మంచం పందిరికి లోపలి వైపు కట్టుకునేవారు. పడుకుని కళ్లెత్తితే తమ జెండా కనబడాలని.

1895లో రాణి మనుషులు తిరిగి రాజ్యం తెచ్చుకోవాలని తిరగబడి ఓడిపోయారు. రాణిని ఇయొలాని భవనంలో, అంటే ఆమె ఇంట్లోనే, మేడమీది ఒక గదిలో బంధించారు. దాదాపు ఎనిమిది నెలలు అక్కడ ఉంది. ఆ గదిలో తోడుగా ఉన్న ఆడమనిషితో కలిసి పట్టు పీలికలతో ఒక బొంత మొదలుపెట్టింది. అందులో తొమ్మిది గళ్లు ఉన్నాయి. నడుమ గడిలో హవాయి జెండాలు, తనను బంధించిన సంగతి దారంతో కుట్టారు. తన పాలనలోని ఘట్టాలు, తారీఖులు, తనవాళ్ల పేర్లు కూడా ఎక్కించారు. ఆ బొంత ఇప్పటికీ అదే భవనంలో ఉంది.

1896లో బడుల్లో ఇంగ్లీషే బోధనా భాష కావాలని చట్టం చేశారు. పిల్లల నోట సొంత భాష తగ్గిపోయింది. 1897లో తమ దేశాన్ని అమెరికాలో కలపవద్దని 21 వేల మందికి పైగా సంతకాలు చేశారు. అప్పటికి మూలవాసుల జనాభా 40 వేల దాకా మాత్రమే. అయినా 1898లో కలిపేశారు. ఆ సంతకాల కాగితాలు వాషింగ్టన్‌లో అటక మీద పడి ఉండిపోయాయి. 1990లలో ఒక హవాయి పరిశోధకురాలు వెతికి తెచ్చేదాకా చాలామందికి వాటి సంగతే తెలియదు. తమవాళ్లు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారని పిల్లలు చదువుకుంటూ వచ్చారు. ఆ కాలమంతా ఇళ్లల్లో ఉన్న జెండా బొంతలు మాత్రం వేరే మాట చెబుతూనే ఉన్నాయి. 1993లో అమెరికా కాంగ్రెస్ రాణిని దింపడంలో తమ దేశపు పాత్రకు క్షమాపణ తీర్మానం చేసింది. పోయిన భూమి మాత్రం తిరిగి రాలేదు.

వాళ్ల కథా మన కథా ఒకటి కాదు. వాళ్లకు ఇతర దేశాలు గుర్తించిన రాజ్యం ఉండేది. కానీ భూమి పోవడం, బడిలో సొంత భాష లేకపోవడం, పెద్దల మాటను కాగితం మింగేయడం మనకూ తెలుసు. మన ఇళ్లల్లోనూ బొంతలున్నాయి. అవ్వలు పాత చీరలు పొరలు పేర్చి కుడతారు. లంబాడీ అమ్మలు కాంచళి మీద, పేటియా మీద అద్దాలు, గవ్వలు కుడతారు. ఈ పనితనం సంతకో, ప్రదర్శనకో పోయినప్పుడు ధర చీటీ ఉంటుంది గానీ కుట్టిన చేతి పేరు ఉండదు.

ఉపాధ్యాయ మిత్రులు దీన్ని బడిలో ఒక పనిగా పెట్టవచ్చు. ముందు పిల్లలు ఇంట్లో బొంతను చూసి, ఎవరు కుట్టారు, ఏ ఏడు, ఏ చీర ఎవరిది అని అవ్వను అడిగి రాసుకురావాలి. తర్వాత తరగతి మొత్తం కలిసి ఊరి బొంత ఒకటి కుట్టాలి. ఒక గడిలో ఊరి వేల్పు. ఒక గడిలో 1940 జోడేఘాట్, కొమరం భీం. ఒక గడిలో 1981 ఏప్రిల్ 20 ఇంద్రవెల్లి. ఒక గడిలో 1/70 చట్టం వచ్చాక కూడా చేజారిన చేను. వేల్పు గుర్తులు కుట్టే ముందు ఆ గోత్రం పెద్దలను అడగాలి, వద్దంటే మానుకోవాలి. చివరి గడిలో కుట్టిన పిల్లలందరి పేర్లు, ఊరు, తారీఖు ఉండాలి. రాణి కూడా ఆ పని మరవలేదు.