జెల్లీఫిష్‌లు ఆర్పేసిన దీవి: 1999 డిసెంబర్ 10 రాత్రి

ఈ రోజు ఎపిసోడ్ ఒకే ఒక్క రాత్రి గురించి. 1999 డిసెంబర్ 10, శుక్రవారం. ఫిలిప్పీన్స్‌లో లూజాన్ అనే దీవి, రాజధాని మనీలా ఉండేది దాని మీదే. ఉన్నట్టుండి కరెంటు పోయింది. దీవిలో చాలా భాగం, దాదాపు 4 కోట్ల మంది చీకట్లో పడ్డారు.

కరెంటు పోగానే మనం ఏం చేస్తాం? గుమ్మంలోకొచ్చి పక్కింట్లో కూడా పోయిందా అని చూస్తాం. ఆ రాత్రి ఎటు చూసినా చీకటే. కాసేపట్లో ఒక పుకారు బయల్దేరింది: సైన్యం తిరగబడింది, ప్రభుత్వం పడిపోతోంది అని.

ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, వాళ్ల భయానికి కారణం ఉంది. 1986లో నియంత మార్కోస్ దేశం విడిచి పారిపోయారు, కొరజోన్ అకీనో అధ్యక్షురాలయ్యారు. ఆవిడ మీద వరసపెట్టి సైనిక తిరుగుబాటు ప్రయత్నాలు జరిగాయి. అన్నిట్లోకీ పెద్దది 1989 డిసెంబర్‌లో. అంటే పదేళ్ల కిందట, ఇదే నెలలో! ఇక 1999లో కుర్చీలో ఉన్నది జోసెఫ్ ఎస్ట్రాడా. సినిమా హీరోగా వెలిగి రాజకీయాల్లోకొచ్చిన మనిషి (ఈ దారి గురించి తెలుగువాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు). దీనికి తోడు వై టూ కే భయం. ఇంకో మూడు వారాల్లో 2000 వస్తుంది, కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా వణుకుతున్న టైమ్ అది. మన కుర్రాళ్లు ఎంతమందో ఆ పని మీదే అమెరికా విమానం ఎక్కారు కదా.

చివరికి తిరుగుబాటు ఏమీ లేదని అధికారులు బయటికొచ్చి చెప్పాల్సి వచ్చింది. మరి అసలు దోషి ఎవరు? సువాల్ అనే ఊళ్లో, లింగాయెన్ గల్ఫ్ ఒడ్డున ఉన్న బొగ్గు విద్యుత్ కేంద్రంలోకి కొట్టుకొచ్చిన జెల్లీఫిష్‌లు. 1941 డిసెంబర్‌లో జపాన్ సైన్యం దిగింది ఈ గల్ఫ్‌లోనే. 1945 జనవరిలో అమెరికా సైన్యం దిగిందీ ఇక్కడే. 1999లో వచ్చినవాటికి మాత్రం ఒంట్లో ఒక్క ఎముక లేదు.

అసలు ఎలా జరుగుతుందో చెప్తాను. బొగ్గైనా అణువైనా పని ఒకటే: నీళ్లు కాచడం. ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది. తిప్పాక ఆ ఆవిరిని చల్లార్చి మళ్లీ నీళ్లు చేయాలి. ఆ చల్లార్చే చోటు కండెన్సర్. దానికి చల్లటి నీళ్లు కావాలి, పెద్ద యూనిట్ అయితే సెకనుకి పదుల టన్నులు. అందుకే సముద్రం ఒడ్డున కడతారు. (విశాఖ దగ్గర సింహాద్రి కేంద్రం కూడా సముద్రపు నీళ్లే వాడుతుంది, కానీ ఆ పెద్ద పెద్ద కూలింగ్ టవర్లలో చల్లార్చి అవే నీళ్లు మళ్లీ తిప్పుతుంది కాబట్టి కొత్తగా తోడేది తక్కువ.) చేపలు, నాచు, చెత్త లోపలికి పోకుండా నీళ్లు వచ్చే దారిలో జల్లెడలు పెడతారు. జెల్లీఫిష్ ఒంట్లో 95 శాతం పైగా నీళ్లే. ఈదే బలం పెద్దగా ఉండదు, ప్రవాహం ఎటు లాగితే అటు పోతుంది. వేల కొద్దీ వచ్చి జల్లెడకి తడిగుడ్డలా అతుక్కుంటాయి. నీళ్లు తగ్గుతాయి, ఆవిరి చల్లారదు, టర్బైన్ పాడవకుండా మెషిన్ దానంతటదే ఆగిపోతుంది.

అంటే 'జెల్లీఫిష్‌ల దాడి' అని హెడ్డింగులు పెడతారే, అది తప్పు. పంపులు లాగాయి, అవి వచ్చాయి. అంతే.

సరే, ఒక్క కేంద్రం ఆగితే దీవంతా ఎందుకు ఆరిపోవాలి? సువాల్ చిన్నది కాదు, 1,200 మెగావాట్లు, అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద బొగ్గు కేంద్రం. అంత కరెంటు ఒక్కసారిగా మాయమైతే ఆ బరువు మిగతా వాటి మీద పడుతుంది. మోయలేక అవీ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతాయి. తర్వాత సువాల్ నుంచి బయటికి తోడిన జెల్లీఫిష్‌లు దాదాపు 50 లారీలు అయ్యాయట.

నాకు ఇందులో బాగా గుచ్చుకునే విషయం ఇంకోటుంది. 1990ల మొదట్లో ఫిలిప్పీన్స్‌లో రోజుకి ఎనిమిది, పది గంటల కరెంటు కోతలు ఉండేవి. మార్కోస్ కాలంలో కట్టిన బతాన్ అణు కేంద్రాన్ని ఒక్క రోజు కూడా నడపలేదు, దాని బదులు వేరేవి టైమ్‌కి కట్టలేదు. ఆ కోతలు తట్టుకోలేకే 1993లో ప్రత్యేక చట్టం తెచ్చి ప్రైవేటు కంపెనీలతో గబగబా కేంద్రాలు కట్టించారు. సువాల్ అలా వచ్చిందే. చీకటి పోగొట్టడానికి కట్టిన కేంద్రం, మొదలైన ఏడాదే ఈ పని చేసింది.

ఇది పేద దేశాల గోల అనుకోకండి. 2011లో స్కాట్లాండ్‌లో టోర్నెస్, 2013లో స్వీడన్‌లో ఆస్కార్‌షామ్ అణు రియాక్టర్లు ఇలాగే ఆగాయి. 2025 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని గ్రావెలీన్‌లో నాలుగు రియాక్టర్లు ఆగాయి. మిగతా రెండు అప్పటికే మరమ్మతుల్లో ఉన్నాయి, దాంతో కేంద్రం మొత్తం మూతపడింది. ప్రమాదం ఏమీ జరగలేదు, రేడియేషన్ లీక్ కాలేదు.

జెల్లీఫిష్‌లు ఎందుకు పెరుగుతున్నాయి? సముద్రం వేడెక్కడం, పొలాల ఎరువులు కాలువల్లో కొట్టుకుపోయి సముద్రంలో కలవడం, చేపల్ని అతిగా పట్టడం, ఇవన్నీ కారణాలుగా చెప్తారు. ప్రపంచమంతటా పెరుగుతున్నాయా, లేక ఇరవై ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయా అనే దాని మీద మాత్రం శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ఒకటి మాత్రం తెలుసు: చాలా రకాల జెల్లీఫిష్‌లు పసితనంలో ఏదో ఒక గట్టి చోటుకి అతుక్కుని పెరుగుతాయి. మనం కట్టే జెట్టీలు, గోడలు వాటికి బ్రహ్మాండమైన ఇళ్లు.

బతాన్ గురించి ఇందాక ఒక్క ముక్కే చెప్పాను. వచ్చే ఎపిసోడ్ దాని మీదే.