కాలేయం, శోషరసం: కంటికి ఆనని నాళాల కథ

1998 నవంబరులో ఢిల్లీలోని ఇంద్రప్రస్థ అపోలో ఆసుపత్రిలో ఇరవై నెలల పసివాడికి తండ్రి కాలేయంలోని కొంత భాగాన్ని అమర్చారు. పుట్టుకతోనే ఆ బిడ్డకు పైత్యరస నాళాలు మూసుకుపోయాయి. మనదేశంలో పిల్లలకు జరిగిన కాలేయ మార్పిడుల్లో విజయవంతమైన మొదటిది ఇదే. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, తానే వైద్యుడయ్యాడు.

ఇలాంటి శస్త్రచికిత్సలో వైద్యులు ధమనిని, సిరలను, పైత్యరస నాళాన్ని జాగ్రత్తగా కలిపి కుడతారు. కాని తెగిపోయిన మరికొన్ని నాళాలను మాత్రం కలపరు. అవే శోషరస నాళాలు. అవి కుట్టడానికి వీలులేనంత సన్ననివి. వీటి సంగతి తెలియాలంటే నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

తిన్న ఆహారం కాలేయంలో రక్తంగా మారుతుందని ప్రాచీన వైద్యుడు గాలెన్ చెప్పాడు. పద్నాలుగు శతాబ్దాలు లోకం అదే నమ్మింది. 1622లో ఇటలీలో గాస్పరే అసెల్లి, అప్పుడే ఆహారం తిన్న కుక్క పొట్టను కోసి చూశాడు. పేగుల పొరలో తెల్లని దారాలు కనిపించాయి. ఒకదాన్ని కోస్తే పాలలాంటి ద్రవం చిమ్మింది. అది కాలేయానికే పోతుందని ఆయన కూడా అనుకున్నాడు. 1651లో ఫ్రాన్సు దేశస్థుడు జాన్ పెకే అసలు దారి చూపాడు. ఆ ద్రవం ఛాతీలోని ఒక నాళం గుండా పైకి వెళ్లి, మెడ దగ్గరి సిరల్లో కలుస్తోంది! 1653లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు థామస్ బార్తోలిన్ శోషరస నాళాలకు పేరు పెట్టి, రక్తం తయారుచేసే పదవి పోయిందంటూ కాలేయానికి చమత్కారంగా సమాధి ఫలకం రాశాడు.

అయితే కాలేయానికీ శోషరసానికీ బంధం తెగలేదు. ఛాతీ నాళంలో ప్రవహించే శోషరసంలో పావు వంతు నుంచి సగం దాకా కాలేయం నుంచి వచ్చేదే. అందుకే మార్పిడి తరువాత తెగిన కొసల నుంచి అది కడుపులోకి కారవచ్చు. పేగుల నుంచి వచ్చే నాళాలు దెబ్బతింటే ఆ ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది. దానితోపాటు మాంసకృత్తులు, కొవ్వు, రోగనిరోధక కణాలు పోతాయి. రోగి నీరసిస్తాడు, అంటువ్యాధులకు లోనవుతాడు.

చికిత్సకు ఆధారం పెకే చూపిన దారే. మామూలు కొవ్వులు శోషరస నాళాల ద్వారా వెళతాయి. కొబ్బరినూనె వంటివాటి నుంచి వేరుచేసే మధ్యస్థ గొలుసు కొవ్వులు చాలావరకు నేరుగా రక్తంలో కలిసి కాలేయానికి చేరతాయి. కాబట్టి వైద్యులు మామూలు కొవ్వు తగ్గించి, వీటిని ఇస్తారు. కారడం తగ్గుతుంది, ఈలోగా శరీరం తనంత తాను కొత్త నాళాలను అల్లుకుంటుంది.

ఒక కుక్క కడుపులో కనిపించిన తెల్లని దారం, ఈనాడు ఒక రోగి పథ్యాన్ని నిర్ణయిస్తోంది. విద్యార్థులారా, సైన్సులో చిన్న పరిశీలన అంటూ ఏదీ లేదు.