ఇసుక ఒడ్డున గుల్లలేని నత్తలు: ఇందుకూరుపేట తీరంపై ఒక పరిశీలన

ఆంధ్ర తీరంలో గుల్లలేని సముద్రపు నత్తల అధ్యయనం విశాఖలోని వాల్తేరు దగ్గర మొదలైంది. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించిన సర్ వాల్టర్ ఇలియట్టే వాల్తేరులో వీటినీ సేకరించాడు. ఆ సేకరణను జాషువా ఆల్డర్, ఆల్బనీ హాంకాక్ 1864లో లండన్ జువలాజికల్ సొసైటీ పత్రికలో వర్ణించారు. అందులో ఒక కొత్త ప్రజాతికి ‘కళింగ’ అనే పేరు పెట్టారు.

వాల్తేరులో ఉన్న రాళ్లు ఇందుకూరుపేట మండలం మైపాడు ఒడ్డున లేవు. ఉన్నదంతా ఇసుక, సరుగుడు తోటలు, కాస్త ఉత్తరాన పెన్న ముఖద్వారం. పోటుకూ పాటుకూ తేడా మీటరు అటూ ఇటూ. కనుక ఇక్కడ ఈ నత్తలు అరుదనుకోవడం సహజమే. ఆ కొరతకు కారణం మాత్రం వాల్తేరు నుంచి ఉన్న దూరం కాదని నా అభిప్రాయం.

ఆ మాట వీటి పుట్టుకను బట్టి అంటున్నాను. ప్రతి నత్తలోనూ ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి. రెండు నత్తలు కుడి పక్కలు ఆనించుకుని వీర్యం ఇచ్చిపుచ్చుకుంటాయి. తర్వాత రెండూ గుడ్లు పెట్టగలవు. వీటిలో డోరిడ్ అనే వర్గపు జాతుల గుడ్లు జిగురు రిబ్బనులా చుట్టలు చుట్టలుగా రాతి అడుగున అంటుకుని ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక్కో గుడ్డు పొరలో పిండం గిరగిరా తిరుగుతూ కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, పెద్దయ్యాక గుల్లలేని ఈ జీవుల లార్వాకు చక్కని గుల్ల ఉంటుంది. చాలా జాతుల లార్వాలు ప్లవకాలను తింటూ వారాల తరబడి నీటిలో తేలుతాయి. కొన్ని సొన నిల్వతో రోజుల్లోనే అడుగుకు చేరతాయి. కొద్ది జాతుల్లో మాత్రం గుడ్డులోంచి నేరుగా పిల్ల నత్తే పాకుతూ వస్తుంది.

ఈశాన్య రుతుపవనాల కాలంలో తీరప్రవాహం దక్షిణంగా సాగుతుంది. విశాఖ నుంచి మైపాడుకు సుమారు 500 కిలోమీటర్లు. ప్రవాహం సెకనుకు అర మీటరు చొప్పున నడిస్తే రోజుకు 43 కిలోమీటర్లు, అంటే పన్నెండు రోజుల ప్రయాణం. ఇది కాగితం మీది లెక్కే. సుడులు, పెన్న వరదనీరు దీన్ని తారుమారు చేయగలవు. అయినా వారాలు బతికే లార్వాకు అది అందని దూరం కాదు.

చిక్కు దిగడంలో ఉంది. హవాయిలో పగడాలు తినే ఫెస్టిల్లా లార్వా, ఆ పగడం విడిచే రసాయనం తగిలితేనే రూపం మార్చుకుని గుల్ల వదిలేస్తుంది. మిగతా జాతుల్లోనూ చాలావాటికి స్పంజికో, హైడ్రాయిడో, నాచో, ఏదో ఒక ఆహారం ఆనవాలు కావాలి. రోజూ కదిలే ఇసుక మీద ఆ ఆహారాలు నిలవవు. ఇసుకలో దూరి సీపెన్‌లను తినే అర్మినా, మెత్తని అడుగున పెళుసు నక్షత్రాలను తినే కళింగ, వీటికి రాయి అక్కర్లేదు. కానీ వాటి చోటు ఒడ్డు కాదు, లోతు నీళ్లు. వాటిని మైపాడు ఇసుకలో కంటే ట్రాలర్ల వలల్లో వెతకడం మేలు.

దక్షిణాన కృష్ణపట్నం రేవు అడ్డుకట్టల రాళ్లు వేరే కథ. అయినా అక్కడ ఒక నత్త దొరికినంత మాత్రాన అది అక్కడిదే అనడానికి సరిపోదు, ఏ తేలే దుంగ మీదో వచ్చి ఉండవచ్చు. తుపాను తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చే గ్లాకస్ అనే నీలి నత్త కూడా నడిసముద్రపు జీవే తప్ప ఆ ఒడ్డుది కాదు. అవే రాళ్ల మీద గుడ్ల రిబ్బన్లు, వేర్వేరు నెలల్లో వేర్వేరు సైజుల పిల్లలు కనిపిస్తేనే ఆ జాతి అక్కడ స్థిరపడిందని రాయవచ్చు.