ఔషధ ప్రకటనలు – న్యాయస్థానములు

వార్తాపత్రికను తెరచినపుడు మన చూపు మొదట వార్తపై నిలుచునో, ప్రకటనపై నిలుచునో చెప్పుట కష్టము. మోకాలినొప్పి మొదలుకొని మధుమేహము వరకు ఏ వ్యాధికైనను అందులో ఒక మందు కనబడును. వారము దినములలో గుణము, లేనిచో సొమ్ము వాపసు అను మాట మనమందరము ఎరిగినదే. ఆరోగ్యవంతుడు దానిని చదివి నవ్వుకొని పుట త్రిప్పును. కాని ఇంటిలో దీర్ఘరోగి యున్నవారికి ఆ మాట చేతికందిన ఊతకోలవలె తోచును. ఆ ఊతకోల విరిగినపుడు బాధ్యులెవరు? ఈ ప్రశ్నను న్యాయస్థానములు ఎట్లు ఎదుర్కొనినవో కొంత తెలిసికొందము.

1889వ సంవత్సరము నుండి యూరపు ఖండమును ఇన్‌ఫ్లుయెంజా జ్వరము పట్టి పీడింపసాగెను. దానికి రష్యా జ్వరమని పేరు. అది అలలు అలలుగా ఇంగ్లండును ముంచెత్తినది. 1892 జనవరి 14న విక్టోరియా రాణి మనుమడగు ఆల్బర్టు విక్టరు రాకుమారుడు ఆ జ్వరమునకే బలియయ్యెను. రాజప్రాసాదమునకే రక్షణ లేనపుడు సామాన్య గృహస్థుని భయమును వేరుగా వర్ణింప బనిలేదు. ఆ భయము నుండియే ఒక వ్యాపారము పుట్టినది.

ఆ వస్తువు పేరు కార్బాలిక్ పొగబంతి. అది ఒక రబ్బరు బంతి, దానికొక గొట్టము. లోపల కార్బాలిక్ ఆమ్లము కలిపిన పొడి యుండును. గొట్టమును ముక్కున నుంచి బంతిని నొక్కినచో పొడి పొగవలె లోనికి పోవును; ముక్కు కారును. వెల పది షిల్లింగులు. జలుబు, దగ్గు, ఉబ్బసము, తలనొప్పి, కోరింతదగ్గు, కడకు గురక వరకు అన్నింటిని అది పోగొట్టునని ప్రకటనలు చెప్పెను. ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. శస్త్రచికిత్సలో పుండ్లు చీము పట్టకుండ కార్బాలిక్ ఆమ్లమును వాడు పద్ధతిని లిస్టరు పండితుడు 1867లో లోకమునకు వెల్లడించి యుండెను. ఆ కీర్తి నిజమైనది. పొగబంతి ఆ కీర్తిని ఎరువు తెచ్చుకొనినది. మోసపు మందు ఎన్నడును శూన్యము నుండి పుట్టదు. నిజమైన శాస్త్రము ప్రక్కన నిలుచుండి దాని నీడను తన నీడగా చూపును. మనుష్యులకు ఇన్‌ఫ్లుయెంజా కలిగించు సూక్ష్మజీవి వైరసు అని 1933లో గాని తేలలేదు. రోగకారణమే తెలియని కాలమున రోగనివారణ మాత్రము బజారున అమ్ముడుపోయెను.

1891 నవంబరులో ఆ కంపెనీవారు పత్రికలలో మరియొక అడుగు ముందుకు వేసిరి. బంతిని రోజునకు మూడుసార్ల వంతున రెండు వారములు పద్ధతి ప్రకారము వాడిన పిమ్మట ఇన్‌ఫ్లుయెంజా సోకినవారికి 100 పౌనుల బహుమానమిత్తుమనిరి. తమ చిత్తశుద్ధికి నిదర్శనముగా ఒక బ్యాంకులో 1000 పౌనులు జమచేసితిమని కూడ ప్రకటించిరి.

లండనులోని కార్లిల్ అను గృహిణి నవంబరు 20న ఒక బంతిని కొనెను. చెప్పినట్లే రోజునకు మూడుసార్లు వాడెను. రెండు వారములతో ఆపక దాదాపు రెండు నెలలు వాడెను. 1892 జనవరి 17న ఆమెకు జ్వరము వచ్చెను. ఆమె భర్త న్యాయవాదవృత్తి నెరిగినవాడు. బహుమానము కోరుచు కంపెనీకి ఉత్తరములు వ్రాసిరి. కంపెనీవారు ఈయలేదు. వ్యాజ్యము నడిచినది.

కంపెనీ తరఫు వాదములు వినదగినవి. ఆ ప్రకటన వర్తకుల గొప్పలు మాత్రమే యనియు, లోకమునకంతటికి ఒడంబడిక చేయుట సాధ్యము కాదనియు, ఆమె తమ షరతునకు సమ్మతించినట్లు ముందుగా తెలియజేయలేదనియు వారనిరి. 1892 డిసెంబరులో అప్పీలు కోర్టునందు లిండ్లే, బోవెన్, స్మిత్ అను ముగ్గురు న్యాయమూర్తులును ఏకగ్రీవముగా ఈ వాదములను త్రోసిపుచ్చిరి. వట్టి గొప్పలే యైనచో బ్యాంకులో 1000 పౌనులు జమచేసితిమని చెప్పుట యెందులకు? ఇక సమ్మతి విషయమున బోవెన్ న్యాయమూర్తి సులభమైన పోలిక చెప్పెను. తప్పిపోయిన కుక్కను తెచ్చినవారికి బహుమానమిత్తునని ఒకడు చాటించినచో, వెదకువారందరు ముందుగా అతనికి ఉత్తరము వ్రాయవలయునా? కుక్కను వెదకి తెచ్చుటయే సమ్మతి. అట్లే బంతిని వాడుటయే సమ్మతి. కార్లిల్ గృహిణికి 100 పౌనులు దక్కినవి.

ఈ తీర్పును నేటికిని న్యాయశాస్త్ర విద్యార్థులు మొదటి పాఠముగా చదువుచున్నారు. అయినను మనము ఒక సంగతిని మరువరాదు. పొగబంతి రోగమును ఆపునా, ఆపదా అని ఆ కోర్టు విచారింపలేదు. ఇచ్చిన మాటను చెల్లింపుమని మాత్రమే చెప్పినది. బహుమానము మాట లేకయే అదే కంపెనీ అదే అబద్ధమును అమ్మియుండినచో ఆమెకు ఈ దారి యుండెడిది కాదు. తీర్పు పిమ్మట కంపెనీవారు బహుమానమును 200 పౌనులకు పెంచి, షరతులను మాత్రము జాగ్రత్తగా బిగించి మరల ప్రకటించిరి. ఓటమి కూడ వారికొక ప్రకటనయే యైనది.

అబద్ధమునే నేరముగా నెంచు ప్రయత్నము అమెరికాలో జరిగినది. 1906లో అచట ఆహారౌషధ శాసనము వచ్చెను. సీసాపై తప్పు వివరము వ్రాయుట నేరమయ్యెను. క్యాన్సరును కుదుర్చునని ఒక మందు నమ్మిన జాన్సన్ అను వానిపై ప్రభుత్వము అభియోగము తెచ్చెను. 1911లో అచటి సుప్రీంకోర్టు, సీసాలో ఏమున్నదో చెప్పుటలో అబద్ధమాడరాదు గాని, అది ఏ రోగమును కుదుర్చునో చెప్పుట ఆ శాసనపు పరిధిలోనికి రాదని తీర్పు చెప్పెను. హ్యూస్ మొదలగు ముగ్గురు న్యాయమూర్తులు దీనితో విభేదించిరి. మరుసటి యేడు కాంగ్రెసు శాసనమును సవరించెను. కాని మోసగించు ఉద్దేశమును కూడ ఋజువు చేయవలయునని అందులో నుంచెను. నేను నమ్మియే అమ్మితిననువాని మనస్సులోనికి తొంగిచూచుట ఎవరితరము? మందు గుణమును అమ్మకమునకు ముందే ఋజువు చేయవలయునను నియమము అచట 1962లో గాని రాలేదు.

ఇక మన దేశము. 1954లో మన పార్లమెంటు ఔషధములు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల శాసనమును చేసెను. అది 1955 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చెను. ఇందులో రెండు మార్గములు కలవు. మందును గూర్చి అబద్ధమైన లేక భ్రమపెట్టు ప్రకటన చేయరాదనునది ఒకటి. రెండవది మరింత కఠినము. కొన్ని రోగములకు చికిత్స యని సామాన్య ప్రజలకు ప్రకటించుటయే తగదు. అచట నిజానిజముల విచారణయే లేదు. ఏలన, అట్టి రోగములు వైద్యుడు పరీక్షించి చూడవలసినవే గాని రోగి తనకు తానే నిర్ణయించుకొని మందు తెప్పించుకొనవలసినవి కావు. తాయెత్తులు, మంత్రములు, కవచములు కూడ ఈ శాసనమునకు లోబడినవే. మరియొక విశేషము: ప్రకటన యనగా కాగితము మాత్రమే కాదు, నోటి మాటయు, కాంతి, ధ్వని, పొగల ద్వారా చేయు ప్రచారమును ప్రకటనలే యని శాసనము నిర్వచించినది. ధ్వనిని పేర్కొనుట రేడియో వినువారికి ఆసక్తికరముగా నుండక మానదు.

ఈ శాసనమును ఢిల్లీలోని హమ్‌దర్ద్ దవాఖానా మొదలగువారు సుప్రీంకోర్టులో ఎదిరించిరి. ఇది తమ వాక్స్వాతంత్ర్యమును, వ్యాపార స్వాతంత్ర్యమును హరించుచున్నదని వారి వాదము. 1959 డిసెంబరులో న్యాయస్థానము తీర్పు చెప్పెను. సరకు అమ్ముకొనుటకై చేయు ఇట్టి ప్రకటన భావప్రకటన కాదు, వాణిజ్యములో భాగమని నిర్ణయించి శాసనపు మూలసూత్రమును నిలబెట్టినది. కాని రోగముల పట్టికను ఏ ప్రమాణమును చూపక ప్రభుత్వపు ఇష్టమునకు వదలిన మాటలను, తగిన రక్షణలు లేక సరకును జప్తుచేయు అధికారమును కొట్టివేసినది. రోగిని కాపాడు పేరిట అధికారికి పగ్గము లేని అధికారమీయరాదని దీని తాత్పర్యము. 1963లో పార్లమెంటు ఈ లోపములను దిద్ది, 54 రోగములు, స్థితుల పట్టికను శాసనమునకే జతపరచినది. మధుమేహము, క్యాన్సరు, పక్షవాతము, అంధత్వము అందులోనివి. 1995లో టాటా ప్రెస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు వాణిజ్య ప్రకటనకును వాక్స్వాతంత్ర్యపు రక్షణ కలదని చెప్పినను, మోసపు ప్రకటనకు ఆ రక్షణ లేదని స్పష్టపరచినది.

శాసనము వచ్చి డెబ్బది యేండ్లు గడచినను వివాదము ముగియలేదు. ఇండియన్ మెడికల్ అసోసియేషను 2022లో పతంజలి ఆయుర్వేద సంస్థ ప్రకటనలపై సుప్రీంకోర్టు కెక్కినది. 2023 నవంబరులో ఆ సంస్థ ఇచ్చిన హామీ నిలువలేదని 2024 ఫిబ్రవరిలో న్యాయస్థానము ధిక్కార నోటీసు ఇచ్చెను. సంస్థవారు ఏప్రిలులో పత్రికాముఖమున క్షమాపణ ప్రకటించిరి. దానిని అంగీకరించి, ఇకముందు జాగ్రత్త యని హెచ్చరించి, ఆగస్టులో ధిక్కార విచారణను ముగించిరి.

ఈ కథలన్నింటిని కలిపి చూచినచో ఒకటి తేటపడును. న్యాయస్థానము ఎప్పుడును ప్రకటన వెనుకనే నడుచును. కార్లిల్ గృహిణికి సొమ్ము దక్కినది. ఆమెకు వచ్చినది కొలది దినముల జ్వరము. క్యాన్సరు మందు అని నమ్మి నెలలు గడిపినవానికి ఏ తీర్పు ఆ నెలలను తిరిగి యీయగలదు? మందు మంచిదో చెడ్డదో తేల్చు విద్య మనకు లేకపోవచ్చును. కాని పట్టికలోని రోగమును కుదుర్చెదమని బజారున చాటువాడు ఆ చాటుటలోనే శాసనమును మీరుచున్నాడను సంగతి మనకు తెలిసియుండుట మేలు. ఆ తెలివి ఇంట నున్నచో, రోగి యడుగు మొదట వైద్యుని వాకిటికే సాగును.